నాలుగు క్రియలు, మూడు లోహాలు

డేటా ఇంజనీరింగ్ సర్టిఫికేషన్‌కి చదువుతున్నన్ని రోజులూ నా బల్ల మీద రెండు వస్తువులు పక్కపక్కనే ఉండేవి. ఒకటి రాల్ఫ్ కింబాల్, జో కసెర్టా కలిసి 2004లో తెచ్చిన ఈటీఎల్ పుస్తకం, అంటే డేటాని తెచ్చి, మార్చి, చేర్చే పని గురించినది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, అట్ట సగం ఊడింది. రెండోది డేటాబ్రిక్స్ అనే కంపెనీ పాఠంలోంచి ప్రింటు తీసుకున్న బొమ్మ. వరుసగా మూడు డబ్బాలు, మధ్యలో బాణాలు. మొదటి డబ్బా మీద బ్రాంజ్, రెండో దాని మీద సిల్వర్, మూడో దాని మీద గోల్డ్. దీన్నే మెడాలియన్ ఆర్కిటెక్చర్ అంటారు.

రెండూ చెప్పే సంగతి ఒకటే. డేటా వచ్చింది వచ్చినట్టు వాడితే పనికిరాదు, మెట్టు మెట్టుగా బాగుచేసుకుంటూ రావాలి. అయితే పుస్తకం పేరు కింద చిన్న అక్షరాల్లో నాలుగు పనులు రాసి ఉన్నాయి: తెచ్చుకోవడం, శుభ్రం చేయడం, పొంతన కుదర్చడం, అందించడం. బొమ్మ మీద ఉన్నవి మూడు లోహాలు. నాలుగుకీ మూడుకీ మధ్య ఏదో జారిపోయిందని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అందరిలాగే నేనూ ముందు బొమ్మ చూశాను, పుస్తకం తర్వాత తెరిచాను. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడల మీద ఒకప్పుడు ఒరాకిల్, తర్వాత హడూప్, ఇప్పుడు అజూర్ డేటా ఇంజనీరింగ్. బోర్డులు మారతాయి గానీ పాఠం చెప్పే తీరు మారదు. నేను చేరిన చోట సారు బోర్డు మీద మూడు గీతలు గీసి, "రా డేటా బ్రాంజ్, క్లీన్ డేటా సిల్వర్, బిజినెస్ డేటా గోల్డ్. రాసుకోండి, ఇంటర్వ్యూలో గ్యారంటీగా అడుగుతారు" అన్నారు. రాసుకున్నాం. పది నిమిషాల్లో వేరే పాఠంలోకి వెళ్లిపోయాం.

ఆయన్ని తప్పుపట్టలేను. డేటాబ్రిక్స్ అసోసియేట్ పరీక్షలో 45 ప్రశ్నలకి 90 నిమిషాలు. అంటే ప్రశ్నకి రెండు నిమిషాలు. ఏ పొరలో ఏముంటుందో తడుముకోకుండా గుర్తురావాలి, ఆ పని బొమ్మ చేసినంత బాగా ఏ పుస్తకమూ చేయదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు పాత డీపీ-203 పరీక్షని 2025 మార్చి 31తో ఆపేసి డీపీ-700కి మళ్లారు. వాళ్ల ఫ్యాబ్రిక్ వేదిక పాఠాల్లోనూ ఇవే మూడు డబ్బాలు. ఒక కంపెనీ ప్రచారంలోకి తెచ్చిన బొమ్మని ఇంకో కంపెనీ కూడా తన పాఠంగా చెప్తోందంటే అందులో సత్తువ ఉన్నట్టే.

ఆ సత్తువ ఎక్కడిదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కింబాల్ మొదటి పుస్తకం 1996లో వచ్చింది. అప్పుడు డిస్కు ఖరీదు. డేటా వేర్‌హౌస్ అనే గిడ్డంగిలోకి ఏం చేర్చాలో ముందే తేల్చుకుని, బయటే కడిగి తుడిచి, అవసరమైనదే లోపల పెట్టేవాళ్లు. మధ్యలో దించుకునే చోటుని స్టేజింగ్ అనేవాళ్లు. ప్రతి పెద్ద పని ముగిశాక డేటాని డిస్కు మీద దించిపెట్టుకోమని కింబాల్ బృందం చెప్పింది గానీ, చాలా జట్లకి రాత్రి పని అయ్యాక స్టేజింగ్ టేబుళ్లు ఖాళీ చేసేయడమే అలవాటు. కట్టెలు కొట్టాక పేళ్లు దాచేవాడెవడు?

2006లో అమెజాన్ ఎస్3 వచ్చి నిల్వని నెలవారీ అద్దెకి ఇచ్చింది. చౌక అయ్యేసరికి అంతా దాచెయ్యి, ఎలా వాడాలో తర్వాత చూద్దాం అనే ధోరణి మొదలైంది. 2010లో పెంటాహో కంపెనీకి చెందిన జేమ్స్ డిక్సన్ దానికి డేటా లేక్ అని పేరు పెట్టాడు. చెరువులైతే తవ్వారు గానీ పూడిక తీసేవాళ్లు లేరు. సగం రాసిన ఫైళ్లు, ఒకే ఫైలుని ఇద్దరు ఒకేసారి మార్చడం, ఏ ఫైలు ఏ నెలదో తెలియకపోవడం. 2019లో ఓపెన్ సోర్స్ అయిన డెల్టా లేక్ ఈ పూడిక మీద పని చేసింది. పార్కే ఫైళ్ల పక్కనే ఒక లావాదేవీల చిట్టా పెట్టి, చిట్టాకెక్కని ఫైలు లేనట్టే అంది. ఇక చెరువులో ప్రతి పొరా నమ్మదగిన టేబుల్‌గా నిలబడగలిగింది. మూడు డబ్బాల బొమ్మ ఈ గట్టు మీద నిలిచింది. కాబట్టి కింబాల్ నాటికి ఖర్చయిన పని మెడాలియన్ నాటికి చౌక అయింది. ముడి సరుకుని శాశ్వతంగా ఉంచుకోవడం ఒక పద్ధతి అయింది. మెడాలియన్ వల్ల ఒరిగిన అసలు మేలు ఇదే. తక్కిన రెండు డబ్బాలూ పాతవే, కొత్త రంగు వేశారు.

మేలు ఇంత పెద్దదైనా, దానికి పెట్టిన పేరు మీద నాకు పేచీ ఉంది. కంచు అంటే రాగి, తగరం కలిపిన మిశ్రమం. ఎంత పుటం పెట్టినా అది వెండి కాదు. వెండిని ఎంత కరిగించినా బంగారం రాదు. ఇది శుద్ధి చేసే వరస కానే కాదు, ఆటల పోటీల్లో మెడలో వేసే పతకాల వరస. ర్యాంకుల వరస. ర్యాంకు అనగానే చదివేవాడి మనసులో పై మెట్టు మీద గౌరవం, కింది మెట్టు మీద జాలి వచ్చి కూర్చుంటాయి. తెలుగువాడికి ఇంకో చిక్కు. కంచుకీ కనకానికీ తేడా వేమన మనకి బడిలోనే నేర్పేశాడు. కంచు అంటే మోత ఎక్కువ, విలువ తక్కువ అన్న చిన్నచూపు మనకి పలకతో పాటు వచ్చింది.

పనిలో చూస్తే సంగతి తలకిందులు. గోల్డ్ టేబుల్ పోయిందనుకోండి, సిల్వర్ నుంచి ఓ రాత్రిలో మళ్లీ కట్టొచ్చు. సిల్వర్ పోతే బ్రాంజ్ నుంచి కట్టొచ్చు. బ్రాంజ్ పోతే ఎక్కడికి పోతాం? డేటా పంపిన యంత్రం ఈపాటికి తన మెమరీ తుడిచేసి ఉంటుంది. మూడింట్లో తిరిగి రానిది కంచు ఒక్కటే. ఇంట్లో గాజులు పోతే ఏడ్చి మళ్లీ చేయించుకుంటాం. పొలం దస్తావేజులు పోతే ఎక్కాల్సిన మెట్ల లెక్కే వేరు. కింబాల్ క్రియలకి ఈ బాధ లేదు. తెచ్చుకోవడం అనే మాట అందించడం కన్నా తక్కువదని ఎవరికీ అనిపించదు. డీబీటీ అనే పనిముట్టు వాడేవాళ్లు కూడా స్టేజింగ్, ఇంటర్మీడియట్, మార్ట్స్ అని పనిని బట్టే పేర్లు పెట్టుకుంటారు. చప్పగా ఉంటాయి, నిజమే. మోసం మాత్రం చేయవు.

పేర్ల గొడవ ఇక్కడితో ఆపి, చేతులు పెట్టిన చోటికి వస్తాను.

సాధన కోసం నేను తీసుకున్నది మా బాబాయి పాల చీటీలు. ఆయనకి నాలుగు గేదెలు. పొద్దున, సాయంత్రం ఊళ్లో పాలకేంద్రంలో పోస్తాడు. పోసిన ప్రతిసారీ ఒక చీటీ వస్తుంది: చీటీ నెంబరు, సభ్యుడి నెంబరు, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం), రేటు. పదిహేను రోజులకి బిల్లు. చీటీలన్నీ ఆయన బిస్కెట్ డబ్బాలో దాస్తాడు. అది చాలక గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి తేదీ గడిలోనూ పెన్సిల్‌తో పొద్దుటి లీటర్లు పైన, సాయంత్రంవి కింద వేసుకుంటాడు. నేను రెండు నెలల చీటీలు కూర్చుని టైపు చేశాను. తర్వాత నిజమైన డేటాలా ఉండాలని కావాలనే కాస్త పాడుచేశాను. నెట్ పోయి వచ్చాక యంత్రం మళ్లీ పంపినట్టు కొన్ని వరుసలు రెండోసారి పెట్టాను. రెండు చోట్ల 6.2 వెన్నని 62 చేశాను. సగం ఫైళ్లలో తేదీకి ముందు నెల రాశాను.

బ్రాంజ్ ఒక గంటలో అయిపోయింది. అన్ని కాలమ్‌లూ అక్షరాలుగానే తీసుకోవాలి, ఏ ఫైల్లోంచి వచ్చిందీ ఎప్పుడు ఎక్కిందీ పక్కన రాసుకోవాలి, ఇంకేమీ ముట్టుకోకూడదు. అంకె ఉండాల్సిన చోట మాట వచ్చినా అలాగే ఎక్కుతుంది. ఉన్నట్టుండి కొత్త కాలమ్ వస్తే, డేటాబ్రిక్స్‌లో ఫైళ్లు ఎక్కించే ఆటో లోడర్‌ని అలా అమర్చుకుంటే అది దాన్ని పారేయకుండా రెస్క్యూడ్ డేటా అనే కాలమ్‌లో దాచిపెడుతుంది. ఈ మెట్టు మీద మెడాలియన్ పాఠానికి వంక పెట్టడానికి లేదు. కింబాల్ పుస్తకంలో తెచ్చుకోవడం అధ్యాయం పాత మెయిన్‌ఫ్రేమ్‌ల వాసనతో బరువుగా ఉంటుంది, ఇప్పటి విద్యార్థి దాన్ని దాటేసినా నష్టం లేదు.

సిల్వర్‌లో మొదట తేదీ దగ్గర దెబ్బతిన్నాను. 13/06 అని ఉన్నది నెల ముందనుకుని చదివితే పదమూడో నెల ఉండదు కాబట్టి తప్పు వెంటనే దొరికింది. 05/06 మాత్రం నిశ్శబ్దంగా వెళ్లిపోయింది. జూన్ 5న పోసిన పాలు మే 6 బిల్లులోకి చేరాయి. తేదీ సరైన తేదీయే, అంకె సరైన అంకే, ఏ పరీక్ష పెట్టినా పాసవుతుంది. కాకపోతే అబద్ధం. శుభ్రంగా ఉండడం వేరు, నిజం కావడం వేరు అని నాకు తెలిసింది ఇక్కడే. బ్రాంజ్‌లో ఫైలు పేరు రాసుకున్నాను కాబట్టి, ఏ ఫైళ్లలో నెల ముందుందో తెలుసుకుని సరిచేయగలిగాను.

తర్వాత 62 శాతం వెన్న. గేదె పాలల్లో వెన్న ఆరు, ఏడు, బాగా మేపితే ఎనిమిది. 62 ఏ గేదే ఇవ్వదు. డేటాబ్రిక్స్‌లో ఇలాంటి నియమాన్ని ఎక్స్‌పెక్టేషన్ అంటారు. తప్పు వరుస తగిలితే మూడు దారులు: లెక్కపెట్టుకుని లోపలికి పంపడం, ఆ వరుసని వదిలేయడం, మొత్తం పనిని ఆపేయడం. ఏ మాట రాస్తే ఏ ఫలితమో పరీక్షకి కంఠతా పట్టాలి. నేను వదిలేయమని రాశాను. నియమం చక్కగా పనిచేసింది. అయితే ఆ రెంటిలో ఒక సాయంత్రం బాబాయి పోసిన ఐదు లీటర్లు మాత్రం నిజం. వెన్న అంకె తప్పైతే పాలు పోయనట్టా? చిట్టాలో రెండు వరుసలు వదిలేశామన్న లెక్క ఉంది. ఆ రెండూ ఏవో లేదు.

ఇక్కడ పుస్తకం పైచేయి. కింబాల్, కసెర్టాలు తప్పుని పారేయరు. నియమం తప్పిన ప్రతిసారీ అది ఒక సంఘటన అంటారు. ఏ నియమం, ఏ వరుస, ఎప్పుడు, ఎంత తీవ్రం అని దానికో సొంత టేబుల్ ఉండాలంటారు. బిల్లు రాసేవాడికి అనుమానాస్పద వరుసల జాబితా చేతికొస్తుంది, వాడు రైతుకి ఫోన్ చేస్తాడు. డేటాబ్రిక్స్ పత్రాల్లోనూ చెడ్డ వరుసల్ని పక్కన పెట్టే క్వారంటైన్ పద్ధతి వివరంగానే ఉంది. బొమ్మలో మాత్రం దానికి డబ్బా లేదు. బొమ్మ చూసి నేర్చుకున్నవాడికి లేని డబ్బా తడుతుందా?

ఇవన్నీ సరిచేసి, ఒకే సభ్యుడు, ఒకే తేదీ, ఒకే పూట రెండుసార్లు కనబడితే ఒకటి తీసేయమని రాసి, గోల్డ్ కట్టి, ఆ మొత్తం బాబాయికి ఫోన్లో చదివాను.

"ఏరా, నాలుగు లీటర్ల పైనే తక్కువొచ్చాయే" అన్నాడు. క్యాలెండర్ ముందు నిలబడి ఉన్నాడని గొంతులోనే తెలుస్తోంది.

"డబుల్‌గా వచ్చినవి తీసేశాను బాబాయ్, అందుకే."

"డబుల్ ఏంట్రా? శనివారం సాయంత్రం రెండో గేదె ఆలస్యంగా చేపింది. ఇంకో క్యాను పట్టుకుని మళ్లీ వెళ్లాను."

బ్రాంజ్ తెరిచి చూశాను. ఆ శనివారం సాయంత్రం రెండు వరుసలు, రెండు వేర్వేరు చీటీ నెంబర్లు. నేను కావాలని పెట్టిన నకళ్లలో చీటీ నెంబరు మారలేదు. తేడా నా కళ్లెదుటే ఉంది. మూడు కాలమ్‌లు చూసి నాలుగోది చూడలేదు. సిల్వర్ అంటే నకళ్లు తీసేయడం అని నోట్సులో ఉంది, తీసేశాను. నకలు అంటే ఏమిటని నోట్సు అడగలేదు.

కింబాల్ అడుగుతాడు. ఆయన చెప్పిన నాలుగు మెట్ల డిజైన్‌లో రెండో మెట్టు అదే: ఏ పని లెక్క రాస్తున్నావో చెప్పాక, టేబుల్‌లో ఒక వరుస అంటే ఏమిటో ఒక్క వాక్యంలో ప్రకటించు. దాన్ని గ్రెయిన్ అంటాడు, గింజ. ఒక వరుస అంటే ఒక సభ్యుడి ఒక పూటా? ఒక క్యాను తూకమా? ఈ వాక్యం కాగితం మీద పెట్టి ఉంటే నకలు ఏదో దానంతట అదే తేలేది. పతకాల పద్ధతిలో ఈ ప్రశ్న ఏ డబ్బాలోనూ లేదు. మూడు పొరలూ ముచ్చటగా కట్టి, గింజ తప్పి, రైతుకి రెండొందల చిల్లర ఎగ్గొట్టొచ్చు. బొమ్మ ప్రకారం అది మంచి ఆర్కిటెక్చరే. నన్నడిగితే సర్టిఫికేట్ చదువులో పెద్ద లోటు ఇదే. ఏ పొరలో ఉందని అడిగినన్నిసార్లు, ఒక వరుస అంటే ఏమిటని అడగరు.

జారిపోయిన క్రియ సంగతి. శుభ్రం చేయడం, పొంతన కుదర్చడం అని కింబాల్ విడదీసిన రెండు పనుల్నీ మెడాలియన్ సిల్వర్ అనే ఒక్క డబ్బాలో కూర్చింది. వివరణలో రెండు మాటలూ ఉంటాయి, డబ్బా ఒకటే కావడంతో విద్యార్థికి రెండూ ఒకే పనిలా వినిపిస్తాయి. తేడా చిన్నది కాదు. శుభ్రం చేయడానికి ఒక్క ఫైలు చాలు. పొంతన చూడాలంటే రెండు జాతకాలు కావాలి. పాలకేంద్రం జాబితాలో ఒక సభ్యుడి పేరు సుబ్బారావు. బ్యాంకు జాబితాలో ముందు రెండు పొడి అక్షరాలు, ఆ తర్వాత సుబ్బా, రావు విడివిడిగా. మూడో కాగితంలో ఇంటిపేరు పూర్తిగా, అసలు పేరు కుదించి. విడివిడిగా మూడూ శుభ్రమైనవే, ఒక్క అక్షరం తప్పు లేదు. ముగ్గురూ ఒకరేనా అన్నది ఏ కోడూ తనంతట తేల్చలేదు. కేంద్రంవాళ్లూ బ్యాంకువాళ్లూ కూర్చుని ఒప్పుకోవాలి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లు అమెరికా ఫారాల్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గడుల ముందు పడే తికమక తెలిసినవాళ్లకి దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. శుభ్రం చేసే పనిని కుర్రాడికి అప్పగించొచ్చు, పొంతనకి పెద్దమనుషులు కావాలి. పేచీలన్నీ పుట్టేది ఇక్కడే కాబట్టి, ప్రాజెక్టులో సిల్వర్ ఆలస్యమైందని విన్నప్పుడల్లా నేను పొంతన దగ్గర ఆగి ఉంటుందనే అనుకుంటాను.

కాలం సంగతి కూడా అంతే. సభ్యుడు చనిపోతాడు, ఆయన నెంబరు కొడుక్కి ఇస్తారు. పాత పేరు మీద కొత్త పేరు రాసేస్తే నిరుటి పాలన్నీ కొడుకే పోసినట్టు అవుతుంది. పాత వరుసని ఆ తేదీకి ముగించి కొత్త వరుస తెరిస్తే ఎవరి పాలు వాళ్లవి. కింబాల్ ఈ రెంటికీ టైప్ 1, టైప్ 2 అని పేర్లు పెట్టాడు. తమాషా ఏమిటంటే డేటాబ్రిక్స్ పైప్‌లైన్‌లో పాత వరుసలు నిలుపుకుంటూ మార్పులు కలిపే ఎస్‌క్యూఎల్ ఆదేశం చివర ఎస్‌సీడీ టైప్ 2 అనే మాట అక్షరాలా రాయాలి. గోల్డ్ గదిలోనూ వాళ్ల సొంత వివరణ ప్రకారమే కింబాల్ తరహా స్టార్ స్కీమా ఉంటుంది. బంగారు తలుపు తీస్తే లోపల కింబాల్ కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడన్నమాట. ఇద్దరినీ పోటీదారులుగా చూపే పాఠాలు ఈ గది దాకా వెళ్లినట్టు లేదు.

ఇంతవరకు పుస్తకం వైపే మొగ్గాను గానీ, దానికీ ఒక మూసిన తలుపుంది. 1996 నాటి తన మొదటి పుస్తకానికి 2013లో మార్జీ రాస్‌తో కలిసి తెచ్చిన మూడో కూర్పులో కింబాల్ తన పద్ధతిని హోటల్‌తో పోలుస్తాడు. వెనక వంటగది, ముందు భోజనాల గది. తినేవాళ్లు వంటగదిలోకి రాకూడదు. కత్తులుంటాయి, క్షేమం కాదు. పోలిక బాగుంది. భోజనానికి వచ్చినవాడికి అది చాలు. బిల్లు మీద పేచీకి వచ్చినవాడికి చాలదు. మోడల్ కట్టుకునే డేటా సైంటిస్టుకి వడ్డించిన పప్పు కన్నా నానబెట్టిన పప్పే కావాలి. మెడాలియన్‌లో వంటగదికి తలుపు ఉంటుంది, అనుమతి ఉన్నవాడు సిల్వర్‌లోకి రావచ్చు, పనిబడితే బ్రాంజ్ దాకా వెళ్లొచ్చు. బాబాయి నాలుగు లీటర్లు దొరికింది వంటగదిలోనే.

ఆ వంటగది పుణ్యమంతా బ్రాంజ్‌దే, డెల్టా టేబుల్ పాత రూపాన్ని చూపే టైమ్ ట్రావెల్‌ది కాదు. చదివేవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకోవడం చాలాసార్లు చూశాను. టైమ్ ట్రావెల్ ఉంది కదా, బ్రాంజ్ ఎందుకు అంటారు. వాక్యూమ్ అనే ఊడ్పు ఆదేశం నడిస్తే టేబుల్ వదిలేసిన పాత ఫైళ్లు పోతాయి. మామూలుగా ఉండే గడువు ఏడు రోజులు. పాల బిల్లే పదిహేను రోజులకి వస్తుంది.

అన్నీ దాచెయ్యి అనే బ్రాంజ్ ధర్మానికి కొత్త ఇబ్బంది ఒకటి వచ్చిపడింది. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మనిషికి తన వివరాలు తుడిపించుకునే హక్కు రాసి ఉంది. గోల్డ్‌లో, సిల్వర్‌లో తుడవడం ఒక లెక్క. ఎప్పటికీ ముట్టుకోం అని ఒట్టుపెట్టుకున్న బ్రాంజ్‌లో తుడవాలంటే ఒట్టు తీసి గట్టున పెట్టాలి. మూడు డబ్బాల పాఠం దీని మీద పెద్దగా నోరు విప్పదు. స్టేజింగ్‌ని రాత్రికి రాత్రి ఖాళీ చేసిన పాతవాళ్లకి ఈ తలనొప్పి కనీసం ఒక చోట తగ్గింది.

పక్కదారి అనుకోకపోతే ఒక మాట. తెలుగులో మనం రిఫైన్‌మెంట్‌కి వెతుక్కునే మాట పరిష్కరణ. ఆ మాటని మనం ఎక్కువగా వాడింది తాటాకు ప్రతుల విషయంలో. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు ఊరూరి నుంచి తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి ఒకదానితో ఒకటి పోల్పించి, ఏరి 1829లో అచ్చు వేయించాడు. ఏరినవాటిలో తప్పొప్పులు ఉండొచ్చు, ఆయన అభిరుచి ఉండొచ్చు. కానీ సేకరించిన ప్రతులు ఎన్నో మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. అందుకే తర్వాతి పండితుడు బ్రౌన్‌తో పేచీ పడగలుగుతున్నాడు. మంచి పరిష్కర్త పాఠాంతరాలు అడుగున ఇస్తాడు, తాను కాదన్నదాన్ని కూడా కనబడనిస్తాడు. కింబాల్ తప్పుల టేబుల్, ఆటో లోడర్ రెస్క్యూడ్ కాలమ్, పుట అడుగున పాఠాంతరం: ఈ మూడూ నాకు ఒకే ఇంటి మనుషుల్లా కనబడతాయి.

పరీక్ష రాసేవాళ్లు ఇప్పుడు నన్ను తరచు అడిగేది ఒక్కటే: సార్, జాయిన్ చేస్తే సిల్వరా గోల్డా? ప్రశ్న వెనకున్న భయం అర్థమవుతుంది. పొంతన కోసం చేసే జాయిన్ సిల్వర్‌లో ఉంటుంది, నివేదిక కోసం చేసే కూడికలు, మొత్తాలు గోల్డ్‌లో ఉంటాయి అని చెప్తాను. ఆ రెండు నిమిషాల వరకు పనికొస్తుంది. పరీక్ష అయ్యాక ఆ టేబుల్ ఎవరికి ఏ మాట ఇస్తోందో, అందులో ఒక వరుస అంటే ఏమిటో పైన ఒక వాక్యం రాసిపెట్టుకోండి, డబ్బా మీద ఏ లోహం పేరున్నా పర్లేదు అని కూడా చెప్తాను. మొదటి సగం రాసుకుంటారు.

ఇక పాల చీటీల సంగతి. నేను నియమం మార్చి, చీటీ నెంబరుతో నకళ్లు తేల్చి, మళ్లీ కట్టాను. ఈసారి నాలుగు లీటర్లూ వచ్చాయి. అయినా క్యాలెండర్‌తో పోలిస్తే ఒక పొద్దుట అర లీటరు తేడా. నాది నాలుగున్నర, గోడ మీద ఐదు. బాబాయికి ఫోన్ చేశాను.

"ఐదేరా. నేను రాసుకున్నాను కదా, ఎదురుగా కనబడుతోంది."

"ఒక్కసారి డబ్బా తియ్యి బాబాయ్."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, రేకు మూత తీసిన చప్పుడు, కాగితాల గలగల. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పిన్నిని పిలిచి రబ్బరు ఎక్కడుందని అడగడం వినిపించింది.